రోములో పంతులు జీతం ఎవరిచ్చేవారు? నేటి స్కూలు నిధులతో పోల్చేముందు చూడాల్సిన లెక్కలు

మీరు అడిగినదాంట్లో రెండు ముక్కలున్నాయి. ప్రాచీన రోమన్ సమాజంలో చదువుకు వచ్చిన ఇబ్బందులకూ, ఇవాళ స్కూళ్ల నిధుల గొడవకూ పోలిక ఉందా? ఉంటే సెమినార్ పేపర్లో దాన్ని ఏ లెక్కలతో చూపించాలి? మీ చిత్తుప్రతిలో "వెస్పాసియన్ చక్రవర్తి కాలం నుంచి రోములో చదువుకు ప్రభుత్వమే డబ్బిచ్చింది, సామ్రాజ్యం చితికిపోయాక అది ఆగిపోయింది" అని రాశారు. ముందు ఆ వాక్యం కొట్టేయండి. డబ్బు లేకపోవడం రోము చదువుకు అసలు రోగం కాదు. ఉన్న డబ్బు పై మెట్టు మీద కుమ్మరించారు, కింది మెట్టుకు చుక్క దిగలేదు. ఇచ్చిన చోటైనా ఇమ్మని చెప్పేవాడు ఒకడు, సంచీ విప్పాల్సినవాడు ఇంకొకడు. నేటితో పోలిక దొరికేది ఆ రెండింటి దగ్గరే.

మెట్లు మూడు. అక్షరాలు, చదవడం, కూడికలు నేర్పేవాడు లిట్టరేటర్. మన వీధిబడి పంతులు అనుకోండి. ఆ పైన కవుల్నీ వ్యాకరణాన్నీ చెప్పే గ్రమ్మాటికుస్. అన్నిటికీ పైన వక్తృత్వం నేర్పే రెటోర్. అడుగున ఉన్న బడికి కట్టడమంటూ ఉండేది కాదు. అంగళ్ల వరసలో ఓ గదో, వీధివార పందిరో, తెర కట్టిన అరుగో. అద్దె పంతులే కట్టుకోవాలి. కోడి కూయకముందే పంతులు అరుపులూ దెబ్బల చప్పుడూ మొదలై నిద్ర పాడు చేస్తున్నాయని రోమన్ కవి మార్షల్ ఒక పద్యంలో విసుక్కున్నాడు.

వెస్పాసియన్ ఖజానా నుంచి ఏడాదికి లక్ష సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) ఇచ్చింది రోము నగరంలోని లాటిన్, గ్రీకు రెటోర్లకు. ఆ జీతం అందుకున్న మొదటివాళ్లలో పేరున్న వక్తృత్వ గురువు క్వింటిలియన్ ఒకడు. అప్పటి లీజియన్ (రోమన్ సైనిక దళం) సైనికుడి ఏడాది జీతం 900 సెస్టర్స్‌లు. అంటే ఒక్క ఆచార్యుడి జీతంతో 111 మంది సైనికుల్ని పోషించవచ్చు. దాన్ని చూపించి "ప్రజావిద్యకు నిధులు" అంటే, ఐఐటీ ప్రొఫెసర్ జీతం చూపించి మండల పరిషత్ బడి బాగుందన్నట్టే.

మీరు చేసిన రెండో పొరపాటు సెస్టర్స్‌లను రూపాయల్లోకి మార్చడం. ఆ అంకె ఎంత జాగ్రత్తగా కట్టినా నిలబడదు. ఒకే కాలపు కూలీతో పోల్చండి, చాలు. అందుకు దొరికే మంచి పత్రం 301లో డయోక్లీషియన్ చక్రవర్తి వేయించిన ధరల శాసనం. అందులో ఒక్కో పిల్లవాడికి నెలకు తీసుకోదగ్గ గరిష్ఠ ఫీజులున్నాయి. అక్షరాల పంతులుకు 50 డినారీలు (డినారియస్ ఇంకో రోమన్ నాణెం), లెక్కల పంతులుకు 75, సంకేతలిపి నేర్పేవాడికి 75, గ్రమ్మాటికుస్‌కూ జ్యామితి చెప్పేవాడికీ 200, రెటోర్‌కు 250. అదే శాసనంలో పొలం కూలికి రోజుకు తిండి పెట్టి 25, వడ్రంగికి తిండి పెట్టి 50.

ఇప్పుడు లెక్క కట్టండి. నెలకు 25 పనిరోజులు అనుకుంటే పొలం కూలికి 625 డినారీలు. అంత రావాలంటే పంతులుకు పన్నెండు పదమూడు మంది పిల్లలుండాలి. వడ్రంగితో సమానం కావాలంటే పాతికమంది. పైగా వడ్రంగికి తిండి యజమాని పెడతాడు, పంతులు తన తిండీ అద్దే అందులోంచే తీయాలి. అదే పాతికమంది పిల్లలు గ్రమ్మాటికుస్ దగ్గరుంటే 5,000. పైగా ఇవి గరిష్ఠాలు. పంతులుకు ఇంత తప్పక ముట్టిందని రాయకండి, ఇంతకు మించి అడగకూడదని మాత్రమే రాయండి. ఈ 301 నాటి డినారియస్‌నూ వెస్పాసియన్ నాటి డినారియస్‌నూ ఒకే పట్టికలో పెట్టకండి. మధ్యలో మూడో శతాబ్దంలో నాణెం విలువ కుప్పకూలింది.

ఈ పన్నెండు పదమూడు అన్న అంకె మనకు కొత్తది కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో అన్ని భాషల బళ్లూ కలిపి 533, పిల్లలు 6,641. బడికి సగటున పన్నెండున్నర మంది. అక్కడా పంతులు బతుకు పిల్లల తండ్రులు ఇచ్చే నెలజీతం మీదే. పోలికను అంతకన్నా సాగదీయను, రెండు చోట్లా ధరలూ పంటలూ వేరు. తలకింత చొప్పున ఫీజు మీద బతికే బడి సైజు ఎంత ఉంటుందో ఒక ఊహ రావడానికి మాత్రం పనికొస్తుంది.

ఫీజు మీద నడిచే బడిలో ఎక్కడ చెడుతుంది? వసూలు దగ్గర. సంవత్సరం పొడుగునా చెప్పిన చదువుకు పంతులుకు దక్కేది, పందెంలో గెలిచినవాడికి జనం ఒక్కరోజులో ఇప్పించే బంగారమంత అని రోమన్ వ్యంగ్యకవి జువెనల్ ఏడో వ్యంగ్యకావ్యం ముగిస్తాడు. ఆ కొంచెంలో కూడా పిల్లవాణ్ని బడికి తీసుకొచ్చే బానిస ఓ కొరుకు కొరుకుతాడు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చే గుమాస్తా ఇంకో ముక్క విరుచుకుంటాడు. కోర్టుకెక్కకుండా ఫీజు చేతికి రావడం అరుదు అని కూడా అంటాడు. వ్యంగ్యం కాబట్టి సగం తగ్గించి చదవచ్చు గానీ, కోర్టు మాట కల్పన కాదు. ఫీజు బాకీల దావాలు విచారించాల్సింది ప్రాంతాధిపతి అని న్యాయవేత్త ఉల్పియన్ రాశాడు. రెటోర్లు, గ్రమ్మాటికుస్‌లు, జ్యామితి పంతుళ్లు ఆ హక్కున్నవాళ్లు. అక్షరాల పంతుళ్లు ఆ జాబితాలోకి రారు గానీ, అలవాటు కొద్దీ వాళ్ల గోడూ వింటారట. తత్త్వవేత్తలకు మాత్రం లేదు, డబ్బును చీదరించుకోవడమే వాళ్ల మొదటి లక్షణం కాబట్టి!

తర్వాత క్రైస్తవ బిషప్ అయిన ఆగస్టీన్ అప్పట్లో వక్తృత్వ గురువు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో పిల్లల అల్లరి భరించలేక 383లో రోముకు వచ్చాడు. ఇక్కడి పిల్లలు నెమ్మదస్తులే, కాకపోతే ఫీజు కట్టే రోజు దగ్గర పడగానే కూడబలుక్కుని గుంపుగా ఇంకో పంతులు దగ్గరికి జారుకునేవారు. మరుసటి ఏడాదే ఆయన మిలాన్ నగరం జీతమిచ్చే కొలువుకు వెళ్లిపోయాడు. ఫీజుబడిలో పంతులు మీద పడే భారం చూపించడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ వెతకక్కర్లేదు. ఇదే ఆగస్టీన్ పదహారేళ్లప్పుడు తండ్రి దగ్గర డబ్బు సరిపోక ఏడాదిపాటు చదువు మానేసి ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత కార్తేజ్ చదువుకు రోమానియానుస్ అనే ఊరి ధనికుడు ఆదుకున్నాడు. ఒకే మనిషి జీవితంలో ఫీజు కట్టలేని కొడుకూ ఉన్నాడు, ఫీజు రాని పంతులూ ఉన్నాడు.

ఇక దాతల మాట. మీ పేపరుకు అసలు సరుకు ఇక్కడుంది.

రోమన్ రచయిత, సంపన్నుడు చిన్న ప్లినీ సొంతూరు కోముమ్, ఇప్పటి ఉత్తర ఇటలీలో కోమో. ఊరికి వెళ్లినప్పుడు ఒక కుర్రవాడు తండ్రితో కలిసి పలకరించడానికొచ్చాడు. చదువుతున్నావా అంటే అవునన్నాడు. ఎక్కడ అంటే మెడియోలానుంలో అన్నాడు, అంటే మిలాన్. ఇక్కడెందుకు కాదు అంటే తండ్రి అందుకున్నాడు: ఇక్కడ పంతుళ్లు లేరు కదండీ. అక్కడే ఉన్న తండ్రులందరితో ప్లినీ అన్నది ఇది: పిల్లల్ని పరాయి ఊళ్లో పెట్టి అద్దెకూ దారిఖర్చుకూ పోస్తున్నదంతా పోగేసి పంతుళ్లను ఇక్కడికే తెచ్చుకోండి, మీరెంత పోగేస్తే దానికి నేను మూడో వంతు వేస్తాను. మొత్తం తానే ఇవ్వగలడు. ఇవ్వనన్నాడు. నగరం డబ్బుతో పంతుళ్లను పెట్టే చాలా చోట్ల సిఫార్సులతో కొలువులు నిండడం చూశానని, అట్లా కాకుండా ఉండాలంటే ఎంపిక తల్లిదండ్రుల చేతిలో, వాళ్ల డబ్బుతో ముడిపడి ఉండాలని ఆయన వాదన. పరాయి సొమ్మంటే పట్టించుకోనివాడు తన సొమ్మంటే ఊరుకోడు. పంతుళ్లను వెతికిపెట్టమని చరిత్రకారుడు టాసిటస్‌కు ఉత్తరం రాస్తూ, కొలువు మాత్రం ఎవరికీ మాటివ్వొద్దు, ఎంపిక తండ్రులదే అని కూడా చెప్పాడు.

ఇవాళ్టి భాషలో ఇది వాటా గ్రాంటు. స్కూళ్ల పథకం సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40 పెట్టే పద్ధతి, ఆంధ్రకైనా తెలంగాణకైనా, ఇదే జాతిది. తన వాటా విడుదల చేయని రాష్ట్రానికి కేంద్రం తర్వాతి విడత ఆగుతుంది. ఇది ఎక్కడ చెడుతుందో ప్లినీ ఉత్తరంలోనే ఉంది, ఆయనకు కనబడలేదంతే. పిల్లవాణ్ని మిలాన్‌కు పంపగలిగిన తండ్రులే తమ వాటా వేయగలరు. వేయలేని ఊరికి వాటా గ్రాంటు సున్నా. అడుగు ఊళ్లకు డబ్బు చేరాలంటే వాటా షరతు సడలించాలి. సమగ్ర శిక్షలో ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10 ఉన్నది అందుకే.

అదే ప్లినీ ఊరి పిల్లల పోషణకు ఐదు లక్షల సెస్టర్స్‌లు ప్రకటించినప్పుడు ఇంకా తెలివిగా కట్టాడు. ఒక మిత్రుడు సలహా అడిగితే తను చేసింది విడమరిచి రాశాడు. నగదు ఇస్తే ఊరు తినేస్తుంది. పొలం ఇస్తే ఊరుమ్మడి పొలం గనక బీడు పడుతుంది. అందుకని అంతకంటే చాలా ఎక్కువ విలువ చేసే తన భూమిని నగర ప్రతినిధికి రాసిచ్చి, ఏటా 30,000 శిస్తు కట్టే షరతుతో తనే తిరిగి తీసుకున్నాడు. ఐదు లక్షల మీద ఆరు శాతం. పంట శిస్తుకన్నా ఎంతో ఎక్కువ కాబట్టి దున్నేవాడు ఎప్పుడూ దొరుకుతాడు, అసలు చెక్కుచెదరదు. నష్టం భూమి ధరలో, శిస్తు బరువున్న పొలాన్ని అంత ధరకు ఎవరూ కొనరు. ఆ నష్టం తనదేనని ఒప్పుకున్నాడు. నిధి పెట్టే ఇవాళ్టి ట్రస్టులు కూడా ముందు తేల్చుకోవాల్సిందిదే: అసలును ఎవరు తినేయగలరు, వాళ్ల చెయ్యి చేరకుండా అడ్డం ఏం పెట్టారు?

ట్రాజన్ చక్రవర్తి ఇదే పద్ధతిని ఖజానా డబ్బుతో ఇటలీ ఊళ్లకు విస్తరించాడు. ఇది పిల్లల పోషణ భత్యం, బడి ఫీజు కాదు. దీన్ని "రోమన్ ఉచిత విద్య" అని రాసినవాళ్లున్నారు, మీరు రాయకండి. ఉత్తర ఇటలీలోని వెలేయా దగ్గర 1747లో దొరికిన పెద్ద కంచు పలక మీద లెక్క అణా పైసలతో ఉంది. ఊరి భూస్వాములకు 10,44,000 సెస్టర్స్‌లు భూమి తాకట్టు మీద 5 శాతానికి అప్పిచ్చారు. వడ్డీ 52,200. అది ఎట్లా పంచారంటే: ధర్మసంతానమైన మగపిల్లలు 245 మందికి నెలకు 16 చొప్పున ఏడాదికి 47,040; ఆడపిల్లలు 34 మందికి నెలకు 12 చొప్పున 4,896; వివాహేతర సంతానంలో ఒక మగపిల్లవాడికి ఏడాదికి 144, ఒక ఆడపిల్లకు 120. కూడి చూడండి, సరిగ్గా 52,200. రెండు వేల ఏళ్ల నాటి ప్రభుత్వ పద్దు ఒక్క సెస్టర్స్ తేడా లేకుండా కుదరడం ముచ్చటగానే ఉంటుంది. ఆడపిల్లలు ఎనిమిదిలో ఒకరు. ఆ ఒక్కరికీ మగపిల్లవాడి భత్యంలో ముప్పాతికే.

ఈ కట్టడంలో బలహీనత స్థిరమైన అంకె. శాశ్వతంగా 16 అని కంచులో చెక్కారు, ధరలు మాత్రం కంచులో లేవు. 193లో పెర్టినాక్స్ రాజ్యానికి వచ్చేసరికి తొమ్మిదేళ్ల భత్యం బకాయి పడి ఉందనీ, దాన్ని చెల్లించకుండా రద్దు చేశాడనీ ఆయన జీవితచరిత్రలో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల మధ్య పెరిగిన మన తెలుగు విద్యార్థికి దీని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. రేటును ధరలకు కట్టకపోవడం ఒక తప్పు, విడుదల తేదీ చట్టంలో లేకపోవడం ఇంకో తప్పు. మీ పేపర్లో ఈ రెంటినీ కలిపేయకండి. మొదటిదాన్ని సవరించినా రెండోది అలాగే ఉంటుంది.

మూడో దారి నగరాలు ఇచ్చే జీతం, మినహాయింపు. ఆంటోనినస్ పయస్ చక్రవర్తి నగరాల సైజును బట్టి పన్నులూ ఊరి ఊడిగాలూ తప్పించే పంతుళ్లకు కోటా పెట్టాడు. చిన్న నగరానికి ముగ్గురు గ్రమ్మాటికుస్‌లు, ముగ్గురు వక్తృత్వ గురువులు, మధ్యరకానికి నలుగురేసి, పెద్ద నగరానికి ఐదుగురేసి. అక్షరాల పంతులుకు ఈ మినహాయింపు లేదని చట్టం విడిగా చెబుతుంది. దీనికి భిన్నంగా నాకు తెలిసిన ఒక్క చోటు ఇప్పటి పోర్చుగల్‌లోని విపాస్కా గనుల ఊరు. అక్కడి గనుల నిబంధనల పలకలో బడిపంతుళ్లకు మినహాయింపు ఉంది, అదీ గనుల అధికారి పెత్తనం కింద. మినహాయింపును ఉచిత డబ్బు అనుకోకండి. ఒకరికి తప్పించిన ఊడిగం ఊళ్లో ఇంకొకరి నెత్తిన పడుతుంది. అందుకే కోటా.

జీతం ఇమ్మన్న చక్రవర్తి రోములో, ఇవ్వాల్సిన నగర సభ ఊళ్లో. మధ్యలో నలిగినవాడు లొల్లియానుస్, ఈజిప్టులోని ఆక్సిరింకస్ నగర గ్రమ్మాటికుస్. వలేరియన్, గాలియేనుస్ చక్రవర్తులకు 250ల్లో ఆయన పెట్టుకున్న అర్జీ చిత్తుప్రతి పపైరస్ మీద దొరికింది. జీతం మామూలుగా రాదు. వచ్చినా పులిసిన ద్రాక్షసారా, పురుగు పట్టిన ధాన్యం. పాఠాలు వదిలి చక్రవర్తి దగ్గరికి స్వయంగా రాలేనన్నాడు. ఆయన పరిష్కారం గమనించండి: జీతం పెంచమని అడగలేదు. ఊరి గోడల లోపలున్న నగరపు తోట ఒకటి తనకివ్వమన్నాడు. అంటే సభ దయ మీద ఆధారపడే జీతం బదులు, సభ చెయ్యి తగలకుండా వచ్చే ఆదాయం. నాలుగో శతాబ్దంలో అప్పటి సిరియాలోని ఆంటియోక్‌లో వక్తృత్వ గురువు లిబానియస్ తన సహాయక గురువుల కోసం ఇదే అడిగాడు. వాళ్లలో కొందరు చెప్పులు కుట్టేవాళ్లలా అద్దె కొంపల్లో ఉన్నారని, రొట్టెల కొట్లో అప్పు తీర్చడానికి భార్యల నగలు తీస్తున్నారని, నగరపు భూముల మీద ఆదాయం వాళ్లకు కేటాయించమని సభను వేడుకున్నాడు.

ఆజ్ఞ ఒకరిది, ఖర్చు ఇంకొకరిది అన్న ఈ జబ్బుకు నేటి ఉదాహరణ అమెరికా నుంచి తీసుకోండి. వికలాంగ పిల్లలకు తగిన చదువు చెప్పి తీరాలని 1975లో సమాఖ్య చట్టం వచ్చింది. ఒక్కో విద్యార్థిపై పెట్టే సగటు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందన్నారు. ఆ 40ని ఇంతవరకు ఒక్క ఏడాదీ అందుకోలేదు. మిగతాది రాష్ట్రాలూ స్కూలు జిల్లాలూ మోస్తున్నాయి. పులిసిన ద్రాక్షసారా లేదనే గానీ వరస అదే.

పుట్టిన ఊరిని బట్టి చదువు అన్న రెండో పోలికకు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో చాలు. 1967-68లో ఎడ్జ్‌వుడ్ స్కూలు జిల్లాలో ఆస్తిపన్ను వంద డాలర్లకు 1.05 డాలర్లు, పక్కనే ఉన్న సంపన్న అలమో హైట్స్‌లో 0.85. ఎక్కువ రేటు కట్టిన ఎడ్జ్‌వుడ్‌కు పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు, తక్కువ రేటు కట్టిన అలమో హైట్స్‌కు 333. ఎడ్జ్‌వుడ్‌లో పిల్లవాడికి ఆస్తి విలువ 5,960 డాలర్లు, అవతల 49,000 పైనే, అదీ కారణం. రాష్ట్రం వేసింది ఇద్దరికీ దాదాపు సమానమే, 222, 225. కేంద్రం 108, 36. మొత్తం 356కు 594. రాష్ట్రం అందరికీ ఒకేలా ఇస్తే తేడా అలాగే నిలుస్తుందని చూపించడానికి ఇంత శుభ్రమైన పద్దు అరుదు. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో కాదంది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు తన రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆ పద్ధతి చెల్లదంది. 1993 నుంచి ధనిక జిల్లాల మిగులును వెనక్కి తీసుకునే చట్టం నడుస్తోంది.

పోలిక తెగిపోయేది కూడా ఇక్కడే, ఇది దాచకుండా రాయండి. శాన్ ఆంటోనియోలో ప్రభుత్వం మీద దావా వేసింది తండ్రి. ఉల్పియన్ చెప్పిన దావాలో తండ్రి ముద్దాయి, వేసింది పంతులు. రోమన్ చట్టంలో పిల్లవాడికి చదువు బాకీ ఉన్నవాళ్లంటూ లేరు. అక్కడ "నిధుల కొరత" అన్న మాటే పొసగదు, ఎందుకంటే ఎంత ఇస్తే సరిపోయినట్టో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. మన 2009 విద్యాహక్కు చట్టమైనా, టెక్సస్ రాజ్యాంగమైనా ఆ బాకీని ముందు రాసిపెట్టాయి కాబట్టే ఎగ్గొట్టారని అనగలుగుతున్నాం.

పట్టిక వేసేటప్పుడు అడ్డంగా మూడు మెట్లు, నిలువుగా నాలుగు గడులు పెట్టండి: ఎవరు ఆజ్ఞాపించారు, ఎవరు చెల్లించారు, రేటు స్థిరమా ధరలతో పెరిగేదా, చెల్లించకపోతే ఎవరు ఎవరి మీద దావా వేయగలరు. రోము వైపు అక్షరాల బడి వరసలో మొదటి గడి ఖాళీగా ఉంటుంది. రెండో గడిలో తండ్రి అని రాసి, విపాస్కాను కింద చిన్న అక్షరాల్లో పెట్టండి. ప్లినీ ఉత్తరాన్ని మాత్రం ఏ వరసలోనూ ఇరికించకండి. ఆయన తేవాలనుకున్న పంతుళ్లు ఏ మెట్టువాళ్లో ఉత్తరం సూటిగా చెప్పదు. టాసిటస్ చుట్టూ చేరే విద్యార్థుల్లోంచి వెతకమన్నాడు కాబట్టి రెటోర్లనే అనుకోవచ్చు గానీ, అది పట్టికలో కాదు, వివరణలో చెప్పాల్సిన మాట.